బ్యాటరీ పరికరానికి ఐసొలేటెడ్ డీసీ-డీసీ మాడ్యూల్: వాట్ల కన్నా ముందు నో-లోడ్ కరెంటు చూడండి

ప్రశ్న క్లుప్తంగా ఇదీ: గుంటూరు శివారులో ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీకి టెంపరేచర్, తేమ రికార్డు చేసే పెట్టెలు తయారు చేస్తున్నాను, చాంబర్‌కి ఒకటి. ఒక్కోదానికి 12 వోల్టుల 7 ఏహెచ్ (ఆంపియర్-అవర్) ఎస్‌ఎంఎఫ్ (మూసి ఉండే లెడ్-యాసిడ్) బ్యాటరీ. చార్జింగ్ లేకపోయినా 15 రోజులు నడవాలి. డేటా ఆర్‌ఎస్-485 (దూరాలకి డేటా పంపే తీగల పద్ధతి) కేబుల్ మీద ఆఫీసు గదిలో కంప్యూటర్‌కి వెళ్తుంది. కంప్రెసర్ స్టార్ట్ అయినప్పుడల్లా లింకు తెగిపోతోంది, రెండు 485 ఐసీలు (ఆ కేబుల్ మీద సంకేతాలు పంపే, అందుకునే చిప్‌లు) కూడా కాలిపోయాయి. ఐసొలేషన్ (రెండు సర్క్యూట్లని నేరుగా తీగ బంధం లేకుండా విడదీయడం) పెట్టమని చెప్పారు. బీ1205ఎస్ అనే ఐసొలేటెడ్ డీసీ-డీసీ మాడ్యూల్ చవకగా దొరుకుతోంది. సరిపోతుందా? లేక రీకామ్, ట్రాకో లాంటి పేరున్న కంపెనీలవే కొనాలా?

బీ1205ఎస్ మీ పనికి సరిపోదండి. అలాగని రీకామ్, ట్రాకో దాకా వెళ్లాల్సిన అవసరమూ లేదు. మధ్యలో చవకైన దారి ఉంది, వివరంగా చెబుతాను. ముందు మాత్రం ఐసొలేషన్ మీకు ఎక్కడ కావాలో తేల్చుకోండి. విజయవాడలో మా బెంచ్ మీదికి వచ్చే బోర్డుల్లో సగం సమస్యలు ఇక్కడే మొదలవుతాయి.

ఒక పరికరం బ్యాటరీ మీదే నడుస్తూ, బయటికి ఒక్క వైరు కూడా పోకుండా ఉంటే దానికి ఐసొలేటెడ్ మాడ్యూల్ దండగ. అది ఎలాగూ దేనితోనూ కలిసి లేదు. చార్జర్ గుచ్చినప్పుడు, యూఎస్‌బీతో కంప్యూటర్‌కి కలిపినప్పుడు, మీలాగా వందల అడుగుల కేబుల్ లాగినప్పుడు పరిస్థితి మారిపోతుంది. మీ పెట్టె నెగటివ్ చార్జర్ ద్వారానో, సెన్సర్ కేబుల్ షీల్డ్ ద్వారానో చాంబర్ దగ్గరి ఎర్త్‌కి చేరుతుంది. ఆఫీసు కంప్యూటర్ నెగటివ్ మూడు పిన్నుల ప్లగ్ ద్వారా ఆ గది ఎర్త్‌కి చేరుతుంది. రెండూ పేరుకి ఎర్తే, కానీ రెండూ ఒకే వోల్టేజీలో ఉండవు. అమ్మోనియా కంప్రెసర్‌ని తిప్పే పెద్ద మోటారు స్టార్ట్ అయ్యే క్షణంలో వాటి మధ్య తేడా ఒక్కసారిగా పెరుగుతుంది. మ్యాక్స్485 లాంటి ఐసీ తన గ్రౌండ్‌తో పోలిస్తే లైన్ల మీద -7 నుంచి +12 వోల్టుల దాకానే తట్టుకుంటుంది. ఆ హద్దు దాటగానే డేటా తప్పులొస్తాయి, ఇంకా పెరిగితే ఐసీ పోతుంది. మీరు రాసిన లక్షణాలు అవే కాబట్టి మీకు ఐసొలేషన్ కావాల్సిందే.

అయితే అడ్డుగోడ రావాల్సింది బ్యాటరీకీ పెట్టెకీ మధ్య కాదు, మైక్రోకంట్రోలర్‌కీ 485 ఐసీకీ మధ్య. గోడకి అవతల ఉండేది ఆ ఒక్క ఐసీ మాత్రమే. దానికి పవర్ ఐసొలేటెడ్ మాడ్యూల్ నుంచి, డేటా డిజిటల్ ఐసొలేటర్ లేదా ఆప్టోకప్లర్ (తీగ బంధం లేకుండా సంకేతాన్ని దాటించే చిప్‌లు) ద్వారా వెళ్లాలి. పవర్ ఐసొలేట్ చేసి డేటా వైర్లు నేరుగా కలిపేస్తే మాడ్యూల్ పెట్టినా పెట్టనట్టే. పీసీబీలో గ్రౌండ్ కాపర్ మాడ్యూల్ కింద నుంచి రెండో వైపుకి పాకినా అంతే. డిజైన్ సాఫ్ట్‌వేర్ ఖాళీలన్నీ దానంతటదే కాపర్‌తో నింపేస్తుంది. గెర్బర్ ఫైలు (బోర్డు తయారీకి ఇచ్చే డిజైన్ ఫైలు) పంపేముందు ఆ ఒక్క చోటు కంటితో చూసుకోండి.

ఇక బీ1205ఎస్ సంగతి. ఈ పేర్లలో మొదటి రెండు అంకెలు ఇన్‌పుట్, తర్వాతి రెండు అవుట్‌పుట్. 1205 అంటే 12 ఇచ్చి 5 తీసుకునేది. ముందున్న బీ అంటే అవుట్‌పుట్ ఒక్కటే, రెగ్యులేషన్ లేనిది. అదే ఏ అని మొదలైతే ప్లస్, మైనస్ రెండు అవుట్‌పుట్‌లు ఉంటాయి. ఐబీ అని ఉంటే లోపల రెగ్యులేటర్ కూడా ఉన్నట్టు. బీ రకం ఇన్‌పుట్ 10 శాతం అటూ ఇటూ మాత్రమే ఊగాలి, అంటే 10.8 నుంచి 13.2 వోల్టులు. మీ ఎస్‌ఎంఎఫ్ బ్యాటరీ ఫ్లోట్‌లోనే (నిండాక చార్జర్ మీదే ఉంచినప్పుడు) 13.6 దగ్గర ఉంటుంది, చార్జ్ అయ్యేటప్పుడు 14.4 దాటుతుంది. ఈ మాడ్యూల్ లోపల ఉన్నది ఒక చిన్న ఆసిలేటర్, ఒక రింగ్ ట్రాన్స్‌ఫార్మర్, రెండు డయోడ్లు. ఇన్‌పుట్ ఎంత పెరిగితే అవుట్‌పుట్ కూడా అదే నిష్పత్తిలో పెరుగుతుంది. 12కి 5 ఇచ్చేది 14.4కి 6 ఇస్తుంది. 485 ఐసీ మీద తక్కువ లోడే ఉంటుంది కాబట్టి ఇంకాస్త పైకే పోతుంది. టేబుల్ మీద అడాప్టర్‌తో చూస్తే అంతా బాగుంటుంది, సైట్‌లో చార్జర్ పెట్టాక పోతుంది.

ఒక లిథియం సెల్‌తో పరికరాలు చేసేవారికీ ఇదే చిక్కు. ఆ సెల్ 4.2 నుంచి 3 వోల్టుల దాకా దిగుతుంది. బీ0505ఎస్‌కి కనీసం 4.5 కావాలి, బీ0305ఎస్ 3.63 దాటితే ఒప్పుకోదు. ఏదీ నేరుగా కుదరదు.

వెడల్పాటి ఇన్‌పుట్ ఉన్న మాడ్యూళ్లు కూడా ఉన్నాయి: 9 నుంచి 18, 9 నుంచి 36, 18 నుంచి 75 అని. లోపల ఫ్లైబ్యాక్ సర్క్యూట్, ఫీడ్‌బ్యాక్ ఉంటాయి కాబట్టి అవుట్‌పుట్ కదలదు. మోర్న్‌సన్ కంపెనీలో డబ్ల్యూఆర్‌బీ, యూఆర్‌బీ అని మొదలయ్యేవి ఇవే. ట్రాకో, రీకామ్, మురాటా, మీన్‌వెల్ అందరికీ ఇలాంటివి ఉన్నాయి. 12 వోల్టుల బ్యాటరీకి 9-18 రకం చక్కగా సరిపోతుంది. చాలామంది ఇక్కడితో ఆగి ఆర్డర్ పెట్టేస్తారు. నన్నడిగితే అసలు చూడాల్సింది ఈ తర్వాతే.

డేటాషీట్‌లో (కంపెనీ ఇచ్చే వివరాల పత్రం) ఇన్‌పుట్ పట్టికలో ఫుల్-లోడ్ కరెంటు పక్కనే నో-లోడ్ కరెంటు అని ఒక గడి ఉంటుంది. అవుట్‌పుట్‌లో ఏమీ లేకపోయినా మాడ్యూల్ తన కోసం తినే కరెంటు అది. ఫ్యాక్టరీ ప్యానెల్‌లో దాన్నెవరూ పట్టించుకోరు. బ్యాటరీ పరికరానికి మాత్రం అదే ప్రాణం. వెడల్పాటి ఇన్‌పుట్ మాడ్యూళ్లలో రకాన్ని బట్టి 5 నుంచి 30 మిల్లీఆంప్‌ల దాకా ఉంటుంది. 20 అనుకుందాం. 7 ఏహెచ్‌ని 20 మిల్లీఆంప్‌లతో భాగిస్తే 350 గంటలు, అంటే పద్నాలుగున్నర రోజులు. మీకు కావాల్సిన 15 రోజులు ఆ మాడ్యూల్ ఒక్కటే తినేసింది. సెన్సర్, మైక్రోకంట్రోలర్ ఇంకా లెక్కలోకే రాలేదు. పైగా బ్యాటరీ చల్లటి చాంబర్ లోపలే ఉంటే దాని సామర్థ్యం పది, పదిహేను శాతం పడిపోతుంది.

ఇప్పుడు మీ 485 ఐసీకి నిజంగా ఎంత కావాలో చూడండి. ఊరకే వింటున్నప్పుడు ఒక మిల్లీఆంప్ కూడా పట్టదు. మాట్లాడేటప్పుడు రెండు చివర్లలోని 120 ఓముల టర్మినేషన్ (కేబుల్ చివర పెట్టే రెసిస్టర్) వల్ల 40, 50 మిల్లీఆంప్‌లు పడుతుంది, అదీ కొన్ని మిల్లీసెకన్ల పాటే. అంటే పావు వాట్ పని. దీనికి 3 వాట్ల మాడ్యూల్ పెట్టడం అంటే ఒక్క టిక్కీ (బస్తా) మిర్చి యార్డుకి చేర్చడానికి లారీ మాట్లాడుకోవడం లాంటిది. ఈ కన్వర్టర్లకి లోడ్ మరీ తగ్గితే ఎఫిషియెన్సీ కూడా పడిపోతుంది. డేటాషీట్ మొదటి పేజీలో పెద్దక్షరాల్లో వేసే 80 శాతం, 85 శాతం ఫుల్ లోడ్ దగ్గరి సంగతి. పదో వంతు లోడ్ దగ్గర సగానికి దిగడం మామూలే. గ్రాఫ్ ఉంటే ఎడమ చివర చూడండి, మీ పరికరం అక్కడే బతుకుతుంది.

నేను మీకు చెప్పేది రెండు మెట్ల దారి. మొదటి మెట్టు, ఐసొలేషన్ లేని మామూలు బక్ కన్వర్టర్‌తో (వోల్టేజీ తగ్గించే సర్క్యూట్) 12ని 5 చేయండి. ఎల్‌ఎం2596 బోర్డు వద్దు. ఆ ఐసీ ఖాళీగానే 5 మిల్లీఆంప్‌లు తింటుంది. ఎంపీ1584 ఐసీ ఉన్న చిన్న బోర్డులు అదే ధరకి వస్తాయి, ఆ ఐసీ 28 వోల్టుల దాకా తట్టుకుంటుంది, దాని క్వైసెంట్ (ఖాళీగా ఉన్నప్పటి) కరెంటు 0.1 మిల్లీఆంప్ స్థాయిలోనే ఉంటుంది. బోర్డు మీదున్న బుల్లి పొటెన్షియోమీటర్‌ని మాత్రం నమ్మకండి. తేమకీ, కుదుపుకీ అది జరుగుతుంది. 5 వోల్టులు సెట్ చేశాక దాని విలువ కొలిచి, తీసేసి, అదే విలువ ఫిక్స్‌డ్ రెసిస్టర్ పెట్టేయండి.

రెండో మెట్టు, ఆ 5 వోల్టుల నుంచి బీ0505ఎస్ ఒక వాట్ మాడ్యూల్. బక్ ఇన్‌పుట్‌ని కదలకుండా పట్టుకుంటుంది కాబట్టి 10 శాతం గొడవ ఉండదు. దీని నో-లోడ్ కరెంటు తరాన్ని బట్టి 5 నుంచి 25, 30 మిల్లీఆంప్‌ల దాకా ఉంటుంది. పేరు చివర ఆర్3 అని ఉన్న కొత్త తరం అయితే మంచిది, దాంట్లో నో-లోడ్ కరెంటు తక్కువ, అవుట్‌పుట్ షార్ట్ అయినా నిలబడుతుంది. చివర ఒట్టి 1డబ్ల్యూతో ఆగే పాత రకాలు షార్ట్‌ని ఒక్క సెకను మాత్రమే ఓర్చుకుంటాయి. మధ్యస్తంగా 15 మిల్లీఆంప్‌లు తీసుకుని లెక్క వేస్తే 75 మిల్లీవాట్లు, బక్ నష్టం కలిపి బ్యాటరీ వైపు సుమారు 8 మిల్లీఆంప్‌లు. ఇరవై నాలుగు గంటలూ ఆన్‌లో ఉంచినా 15 రోజులకి 2.9 ఏహెచ్ దగ్గర ఆగుతుంది. ఇదే చాలు మీకు.

ఇంకా తగ్గించాలంటే, మాడ్యూల్ ముందు ఏఓ3401 లాంటి పీ-చానెల్ మాస్‌ఫెట్ (స్విచ్‌లా పనిచేసే ట్రాన్సిస్టర్) ఒకటి పెట్టి, అవసరమైనప్పుడే ఆన్ చేయండి. మీ మైక్రోకంట్రోలర్ 3.3 వోల్టులదైతే ఆ మాస్‌ఫెట్ గేటుని నేరుగా నడపకండి. సోర్స్ 5 వోల్టుల దగ్గర ఉంటుంది కాబట్టి పూర్తిగా ఆఫ్ కాదు. మధ్యలో 2ఎన్7002 (చిన్న ఎన్-చానెల్ మాస్‌ఫెట్) ఒకటి, గేటు నుంచి సోర్స్‌కి పుల్-అప్ రెసిస్టర్ ఒకటి కావాలి. ఐదు నిమిషాలకోసారి రెండు సెకన్లు ఆన్ చేసి డేటా పంపి ఆఫ్ చేస్తే, ఐసొలేషన్ భాగం సగటున పావు మిల్లీఆంప్ కూడా తినదు. అప్పుడు మొత్తం పెట్టె ఒక మిల్లీఆంప్ లోపే ఉండొచ్చు, 15 రోజులకి 0.36 ఏహెచ్. ఆ స్థితిలో 7 ఏహెచ్ బ్యాటరీ ఎందుకు? 1.3 ఏహెచ్ చిన్నది చాలు. చాంబర్లన్నిటికీ లెక్క వేసుకోండి, మాడ్యూల్ ధరలో బేరమాడి మిగిల్చేదానికన్నా బ్యాటరీలో మిగిలేదే ఎక్కువ.

దీనికి ఒక షరతు ఉంది. ఆఫీసు కంప్యూటర్ మోడ్‌బస్ పద్ధతిలో ఒక్కో పెట్టెనీ పేరు పెట్టి పిలుస్తుంటే, పెట్టె ఎప్పుడూ వింటూనే ఉండాలి, మాడ్యూల్ ఆపడానికి వీల్లేదు. పెట్టెలే తమ తమ సమయానికి నిద్రలేచి పంపేలా ప్రోటోకాల్ మార్చగలిగితేనే ఈ పొదుపు. మార్చలేకపోతే ఇంకో ఉపాయం ఉంది, నాకు చాలా ఇష్టమైనది. నాలుగు కోర్ల కేబుల్ వేసి, ఆఫీసు యూపీఎస్ వైపు నుంచి 12 వోల్టులు కూడా అదే కేబుల్‌లో పంపండి. గోడకి అవతలున్న 485 ఐసీ ఆ కరెంటుతోనే నడుస్తుంది. పెట్టె వైపు నుంచి అక్కడికి పవర్ పోనే అక్కర్లేదు, డిజిటల్ ఐసొలేటర్, ఆ 12ని ఐసీకి సరిపడా తగ్గించే చిన్న రెగ్యులేటర్ ఉంటే చాలు. ఐసొలేటెడ్ డీసీ-డీసీ మాడ్యూలే ఎగిరిపోయింది! క్యాట్-5 కేబుల్ అయితే 100 మీటర్లకి రానూపోనూ 17 ఓములు ఉంటుంది. 20 మిల్లీఆంప్‌లకి పడే వోల్టేజీ 0.34 మాత్రమే. కొత్తగా కేబుల్ లాగుతున్నవాళ్లకి నేను ముందు ఇదే చెబుతాను. మీరు ఇప్పటికే రెండు కోర్ల కేబుల్ వేసేసి ఉంటే పై పద్ధతిలోకే వెళ్లండి.

బీ0505ఎస్ వాడేటప్పుడు దాని అవుట్‌పుట్‌ని నేరుగా ఐసీకి ఇవ్వకండి. డేటాషీట్ కనీసం 10 శాతం లోడ్ ఉండాలంటుంది, అంటే 20 మిల్లీఆంప్‌లు. అంతకన్నా తగ్గితే వోల్టేజీ పైకి లేస్తుంది. కొందరు 250 ఓముల రెసిస్టర్ పెట్టి లోడ్ చూపిస్తారు. అది 100 మిల్లీవాట్లు ఊరకే కాల్చేయడం, బ్యాటరీ పరికరంలో చేయదగిన పని కాదు. దానికి బదులు అవతలి వైపు 3.3 వోల్టుల 485 ఐసీ వాడి, మధ్యలో హెచ్‌టీ7333 లాంటి చిన్న రెగ్యులేటర్ పెట్టండి. అది 12 వోల్టుల దాకా ఇన్‌పుట్ ఓర్చుకుంటుంది. ఎంసీపీ1700 కూడా మంచి భాగమే కానీ దాని ఇన్‌పుట్ పరిమితి 6 వోల్టులు, ఇక్కడ అంచు మీద నిలబడుతుంది. లైన్ల మీద ఎస్‌ఎం712 సర్జ్ డయోడ్ తప్పకుండా ఉండాలి. ఐసొలేషన్ ఉంది కదా అని దాన్ని మానేయకండి.

మాడ్యూల్ మీద 1000 వోల్టులు, 1500 వోల్టులు అని చూసి ధీమా పడేవాళ్లున్నారు. అది ఫ్యాక్టరీలో కొద్దిసేపు, మహా అయితే ఒక నిమిషం, పెట్టి చూసే పరీక్ష వోల్టేజీ. రోజంతా అంత వోల్టేజీ మీద ఉంచమని కాదు. ఈ చవక రకాల్లో ప్రైమరీకీ సెకండరీకీ మధ్య ఉన్నది తీగ మీది ఎనామెల్ పూత మాత్రమే. ఎర్త్‌ల మధ్య తేడా, నాయిస్ ఆపడానికి అది బాగా పనికొస్తుంది. మనిషి ప్రాణానికి రక్షణగా దాన్ని నిలబెట్టకూడదు. రేపు మీరు ఇదే మాడ్యూల్‌తో మోటారు ఫేజు వోల్టేజీ కొలిచే బోర్డు చేయాలనుకుంటే వద్దు. 230 వోల్టుల లైన్ శిఖరం 325 వోల్టులు. అక్కడ రీఇన్‌ఫోర్స్‌డ్ ఇన్సులేషన్ సర్టిఫికెట్ ఉన్నదే కొనాలి, ట్రాకో, రీకామ్ డబ్బులు అక్కడ సార్థకం. రోగి ఒంటికి తగిలే పరికరమైతే ఐఈసీ 60601-1 ప్రకారం రెండు ఎంఓపీపీ (రోగి రక్షణ పొరలు) ఉన్న మెడికల్ రకమే. ఆ రెండు చోట్లా చవక మాట ఎత్తకండి.

కొనేటప్పుడు ఇంకో జాగ్రత్త. ఆన్‌లైన్‌లో ఐసొలేటెడ్ అని పేరు పెట్టి ఎల్‌ఎం2596, ఎక్స్‌ఎల్6009 బోర్డులు అమ్ముతున్నారు. వాటిలో ఇన్‌పుట్ నెగటివ్, అవుట్‌పుట్ నెగటివ్ ఒకటే రేకు. మల్టీమీటర్‌ని బీప్ వచ్చే కంటిన్యుటీలో పెట్టి, ఒక ప్రోబ్ ఇన్‌పుట్ నెగటివ్ మీద, ఇంకోటి అవుట్‌పుట్ నెగటివ్ మీద పెట్టండి. బీప్ వస్తే అది ఐసొలేటెడ్ కాదు, అంతే. ఐసొలేటెడ్ అయితే ఓముల పెద్ద రేంజిలో కూడా ఓవర్‌లోడ్ చూపించాలి. ఇంకాస్త నమ్మకం కావాలంటే, ఆటోనగర్‌లో మోటారు వైండింగ్ చేసేవాళ్ల దగ్గర మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే మీటర్) ఉంటుంది. బోర్డు మీద ఎక్కించక ముందే విడి మాడ్యూల్ ఇన్‌పుట్ పిన్నులన్నీ ఒకటిగా, అవుట్‌పుట్ పిన్నులన్నీ ఒకటిగా కలిపి, మధ్యలో 500 వోల్టులు ఇచ్చి చూడండి. కనీసం వెయ్యి మెగాఓములు చూపించాలి. పరీక్ష జరిగేటప్పుడు చెయ్యి తగలనివ్వకండి.

తర్వాత నో-లోడ్ కరెంటు మీరే కొలవండి. మీటర్‌ని మిల్లీఆంప్ రేంజిలో ఇన్‌పుట్‌కి వరసలో పెట్టి 4.75, 5.0, 5.25 దగ్గర మూడు రీడింగులు రాసుకోండి. ఆపైన అవుట్‌పుట్‌కి 100 ఓముల అర వాట్ రెసిస్టర్ పెట్టి మళ్లీ చూడండి. కొత్తవాళ్లు ఒక చోట తడబడతారు: అవుట్‌పుట్ వోల్టేజీ కొలిచేటప్పుడు నల్ల ప్రోబ్ బ్యాటరీ నెగటివ్ మీదే ఉంచేస్తారు, రీడింగు అర్థం లేకుండా తిరుగుతుంటే మాడ్యూల్ పాడైందంటారు. రెండు ప్రోబులూ అవుట్‌పుట్ వైపే ఉండాలి.

ధరలు నెల నెలా మారుతుంటాయి కాబట్టి అంకె చెప్పను. పోలికగా చెప్పాలంటే, ఒక పేరున్న యూరప్ కంపెనీ 3 వాట్ల వెడల్పాటి మాడ్యూల్ ధరకి బీ0505ఎస్‌లు చాలానే వస్తాయి. గవర్నర్‌పేటలో అడిగి చూడండి, లేకపోతే హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీ. ఎక్కడ కొన్నా పై అక్షరాలు గోరుతో గీకితే చెరిగిపోయేవి, ఒకే కవరులో రెండు మూడు రకాల ముద్రలున్నవి తీసుకోకండి. ఎక్కువ కావాలంటే మౌసర్, డిజీకీ లాంటి అధికారిక పంపిణీదారుల దగ్గర పన్ను, కొరియర్ కలిపి చివరి ధర ఎంతవుతుందో చూసుకోండి. 

మీ చోటుకే సంబంధించిన విషయం ఒకటి చెప్పాలి. మాడ్యూల్‌కి చలి ఇబ్బంది కాదు, ఇవి -40 దాకా పనిచేస్తాయి. ఇబ్బంది నీళ్లతో. మే నెలలో బ్యాటరీ మార్చడానికి ఆ పెట్టెని చల్లటి చాంబర్ నుంచి గుంటూరు ఎండలోకి తెస్తే నిమిషంలో బోర్డు నిండా చెమట పడుతుంది. దాని మీద మిర్చి దుమ్ము అంటుకుంటుంది. ఆ తడి పొర మాడ్యూల్ కింద రెండు గ్రౌండ్‌ల మధ్య పరుచుకుంటే మీరు డబ్బు పెట్టి కొన్న ఐసొలేషన్ అక్కడే పోతుంది. మాడ్యూల్ కింద పీసీబీలో సన్నటి చీలిక కోయించండి, సోల్డరింగ్ అయ్యాక ఫ్లక్స్ శుభ్రంగా కడిగి, బోర్డంతా కన్‌ఫార్మల్ కోటింగ్ (తడి అంటకుండా కాపాడే పూత) వేయండి. సెన్సర్ రంధ్రం మాత్రం మూసేయకండి. బయట గోడకి బిగించే పెట్టెలైతే ఎండ తగలని వైపు పెట్టండి. మూసిన పెట్టెలో వేడి 60 దాటిపోతుంది, అలాంటి చోట ఒక వాట్ మాడ్యూల్ నుంచి పూర్తి వాట్ ఆశించకూడదు.

అన్ని చాంబర్లకీ ఒకేసారి కొనకండి. ముందు రెండు పెట్టెలకి సరిపడా కొని, కంప్రెసర్ గదికి అన్నిటికన్నా దగ్గరున్న చాంబర్‌లో ఒకటి, దూరంగా ఉన్నదాంట్లో ఒకటి పెట్టి ఒక వారం నడపండి. రోజూ బ్యాటరీ వోల్టేజీ, తప్పిపోయిన ప్యాకెట్ల లెక్క రాసుకుని ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను. మీ 485 ఐసీ నంబరు, కేబుల్ రకం, షీల్డ్ ఏ చివర ఎర్త్ చేశారో కూడా రాయండి. షీల్డ్ రెండు చివర్లా ఎర్త్ చేసి ఉంటే ఇవాళే ఒక చివర విప్పేయండి, మాడ్యూళ్లు వచ్చేదాకా ఆగక్కర్లేదు.